పుట్టబోయే బిడ్డకు పేరు ఎంచుకోవడం ఎలా? జాబితా నుంచి జనన ధ్రువపత్రం దాకా

కర్నూలు, అనంతపురం, కడప వైపు చాలా ఇళ్లల్లో పేరు వెతకడం బిడ్డ పుట్టాకే మొదలవుతుంది. అయ్యవారు ఒక అక్షరం చెప్తారు. అవ్వ తన మొక్కు గుర్తుచేస్తుంది. తాత పేరు రావాల్సిందేనని పెద్దనాయన పట్టుబడతాడు. తొట్లో వేసే రోజు దగ్గరపడుతుంది. కాన్పు అయి పది రోజులు కూడా కాని తల్లి ఆ టెన్షన్ మధ్యలో ఏదో ఒకదానికి తల ఊపేస్తుంది.

ఈ పని కాన్పుకు ముందే, ఇద్దరూ నెమ్మదిగా కూర్చుని చేసుకోవాలి. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టినా తొందర అనుకోనక్కర్లేదు. పేరు నోటితో పిలవడానికీ బాగుండాలి, కాగితం మీద రాయడానికీ ఇబ్బంది పెట్టకూడదు. పెద్దల కోరికకు అందులో ఎక్కడ చోటివ్వాలో ముందే అనుకుని ఉండాలి. కింది వరుస అందుకోసమే.

1. పేర్లకన్నా ముందు షరతులు రాసుకోండి

పేర్ల యాప్ తెరిచి వెతకడం మొదలుపెడితే రెండు వందల పేర్లు పోగవుతాయి, ఒక్కటీ తేలదు. ముందు ఒక కాగితం తీసుకుని భార్య, భర్త విడివిడిగా ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి. తర్వాత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

☐ ఇంట్లో ఎవరైనా బిడ్డ కోసం మొక్కుకున్నారా? ఏ దేవుడికి?
☐ పెద్దల్లో ఎవరి పేరైనా తప్పకుండా రావాలా? ఎవరిది?
☐ నక్షత్రం అక్షరం పాటిస్తామా? రికార్డు పేరుకా, పూజ పేరుకా?
☐ న్యూమరాలజీ చూపిస్తామా?
☐ పేరు చివర రెడ్డి, నాయుడు, బాషా, కుమార్, రాణి వంటివి చేరుస్తామా?
☐ పేరు ఎన్ని మాటలు దాటకూడదు?

చివరి రెండింటి మీద ఎక్కువసేపు మాట్లాడుకోండి. పుట్టాక గొడవలు వచ్చేది వాటి దగ్గరే.

ఆడపిల్లకూ మగపిల్లాడికీ రెండు జాబితాలూ సమానంగా తయారుచేయండి. కడుపులో ఉన్నది ఎవరో తెలుసుకోవాలని చూడటం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. ఒక జాబితాను శ్రద్ధగా, రెండోదాన్ని మొక్కుబడిగా రాసే ఇళ్లు నాకు బాధ కలిగిస్తాయి. ఆ అలవాటు మీ ఇంట్లో రానివ్వకండి.

2. మొక్కునూ పెద్దల పేరునూ ముందే తేల్చుకోండి

మన దగ్గర పేరు చూస్తే ఆ ఇంటి దేవుడెవరో చాలాసార్లు తెలిసిపోతుంది. ఓబులేసు, ఓబులమ్మ అంటే అహోబిలం. ఈరన్న, ఉరుకుందు అంటే ఉరుకుంద. మద్దిలేటి అంటే మద్దిలేటి స్వామి. కదిరప్ప అంటే కదిరి. చౌడప్ప, చౌడమ్మ అంటే చౌడేశ్వరి. కుళ్ళాయప్ప అంటే గూగూడు కుళ్ళాయి స్వామి. దస్తగిరి, మస్తానమ్మ లాంటి పేర్లు హిందువుల ఇళ్లల్లోనూ ఉన్నాయి.

"ఆ పాత పేరా?" అని పిల్లల తల్లిదండ్రులు మొహం చిట్లించినప్పుడు పెద్దల మనసు నొచ్చుకుంటుంది. కాదనలేక పెట్టినప్పుడు తల్లిదండ్రులకు వెలితిగా ఉంటుంది. దీనికి మూడు దారులున్నాయి.

మొదటిది, ఆ దేవుడికే ఉన్న ఇంకో పేరు పెట్టడం. ఉరుకుంద ఈరన్న స్వామి లక్ష్మీనరసింహుడే. కాబట్టి ఆ మొక్కుకు నరహరి, నరసింహ, నృసింహ ఏదైనా చెల్లుతుంది. అహోబిలానికీ కదిరికీ మద్దిలేటికీ అంతే. కసాపురం నెట్టికంటి స్వామికి మొక్కుంటే మారుతి, హనుమ, అంజన్ ఉన్నాయి. మంత్రాలయానికి రాఘవేంద్ర, రాఘవ్, గురురాజ్. ఒంటిమిట్టకు కోదండరామ్, రఘురామ్. ఆడపిల్లకు జానకి, మైథిలి, వైదేహి. శ్రీశైలానికి మల్లికార్జున, భ్రమరాంబ. అయితే ఈ మార్పు మొక్కుకున్న మనిషికి ముందే చెప్పి ఒప్పించాలి. "అవ్వా, స్వామి పేరే పెడుతున్నాం, నరహరి అంటే ఆయనే" అని ఏడో నెలలో చెప్తే ఆమె సంతోషంగా వింటుంది. తొట్లో వేసే రోజు నలుగురిలో చెప్తే మాట పోయిందనుకుంటుంది.

రెండోది, మొక్కు పేరును రెండో మాటగా ఉంచడం. రోజూ పిలిచే పేరు ముందు, దేవుడి పేరు వెనక.

మూడోది, మొక్కు పేరును తొట్లో వేసేటప్పుడు బియ్యంలో రాసి, గుడిలో అర్చనకు వాడుకుని, రికార్డుల్లో వేరే పేరు రాయించడం. పెద్దలు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే ఈ దారి పట్టండి.

పెద్దల పేరు విషయంలో ఇంకో చిక్కుంది. మామ పేరును కోడలు నోటితో పలకని ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. తాత పేరు మనవడికి పెడితే సొంత తల్లే వాణ్ణి ఆ పేరుతో పిలవదు. "నాయనా", "పెద్దాయనా", "అబ్బోడా" అంటూ గడిపేస్తుంది. బడిలో హాజరు పిలిచేదాకా ఆ పేరు తనదేనని పిల్లాడికి తెలియదు. కాబట్టి పెద్దల పేరు పెట్టేటప్పుడు పిలవడానికి ఇంకో మాట కూడా అదే రోజు అనుకోండి. ఆ పిలుపును కూడా రికార్డు పేరులో చేర్చితే ఇంకా మంచిది.

తాత బతికి ఉండగా ఇంటిపేరుతో సహా అచ్చం అదే పేరు పెట్టొద్దని నా సలహా. పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు అన్నింటిలో ఇద్దరూ ఒకే పేరుతో ఉంటే, ఇది ఫలానా మనిషిది అని తేల్చుకోవడానికి తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది. సుబ్బారెడ్డి మనవడికి సుబ్రహ్మణ్య, నాగమ్మ మనవరాలికి నాగశ్రీ లేదా నాగిని అన్నట్టు, మూలం కనబడేలా చిన్న మార్పు చేస్తే సరిపోతుంది.

3. జాబితా నింపండి

ఒక్కో జాబితాకు పన్నెండు పేర్లు దాటకుండా చూసుకోండి. యాప్‌ల కంటే ముందు మీ ఇంట్లోనే వెతకండి. అవ్వల, జేజిల, ముత్తాతల పేర్లు అడిగి రాసుకోండి. ఇప్పుడు ఎవరూ పెట్టని మంచి పేర్లు అక్కడ దొరుకుతాయి.

మన నదుల పేర్లు కూడా చూడండి. పెన్నకు ఇంకో పేరు పినాకిని. అనంతపురం వైపు చిత్రావతి, వేదవతి పారతాయి. కర్నూలు పక్కన తుంగభద్ర. ఆడపిల్లకు పినాకిని, చిత్రావతి, వేదవతి ఎంత నిండుగా ఉంటాయో గట్టిగా ఒకసారి పలికి చూడండి. ఎక్కడికి వెళ్లినా తన ఊరి పక్కన పారే నీళ్ల పేరు ఆ పిల్ల వెంట ఉంటుంది.

కొత్త పేర్లు కావాలంటే తప్పకుండా పెట్టుకోండి, కానీ అర్థం నిఘంటువులో చూడండి. ఆన్‌లైన్ జాబితాల్లో సగం పేర్లకు "లక్ష్మీదేవి", "సూర్యకాంతి" అని తోచిన అర్థం రాసేస్తుంటారు. ఆంధ్రభారతి నిఘంటువులో వెతికితే నిమిషంలో తేలుతుంది. ఋత్విక్ అంటే యజ్ఞం చేయించే పురోహితుడు, తన్వి అంటే సన్నని శరీరం గల స్త్రీ, అన్విత అంటే కూడినది. ఈ అర్థాలు మీకు నచ్చితే పెట్టుకోండి. ఏ నిఘంటువులోనూ దొరకని పేరైతే, "నా పేరుకు అర్థం ఏమ్మా?" అని రేపు బిడ్డ అడిగినప్పుడు ఏం చెప్తారో ఇప్పుడే ఆలోచించుకోండి.

ముస్లింల ఇళ్లల్లో అకీఖా, అంటే బిడ్డ పుట్టాక చేసే వేడుక, సాధారణంగా ఏడో రోజు కాబట్టి వెతకడానికి దొరికే సమయం ఇంకా తక్కువ. అరబీ, ఉర్దూ తెలిసిన పెద్దమనిషితో అర్థమూ ఉచ్చారణా రెండూ ముందే సరిచూపించుకోండి. క్రైస్తవులైతే బాప్తిస్మం పేరు, రికార్డు పేరు ఒకటేనా వేర్వేరా అన్నది ముందే తేల్చుకోవాలి.

4. నక్షత్రం అక్షరాన్ని ముందే ఊహించకండి

డాక్టరు చెప్పిన తేదీని బట్టి నక్షత్రం లెక్కగట్టి, ఆ అక్షరంతో పేర్లు వెతికేవాళ్లున్నారు. అది వృథా శ్రమ. నక్షత్రం దాదాపు రోజుకొకటి మారుతుంది, పాదం సుమారు ఆరు గంటలకు మారుతుంది. కాన్పు ఒక పూట అటూ ఇటూ అయినా అక్షరం వేరే అవుతుంది.

27 నక్షత్రాలు, నక్షత్రానికి నాలుగు పాదాలు, మొత్తం 108 అక్షరాలు. వాటిలో కొన్ని తేలిక. చిత్తకు పే, పో, రా, రీ. రేవతికి దే, దో, చా, చీ. కొన్ని కష్టం. హస్త పాదాల్లో ణ, ఠ ఉంటాయి. ఆ అక్షరాలతో పిలవదగ్గ పేరు దొరకదు.

కాబట్టి జాబితాను నచ్చిన పేర్లతోనే నింపండి. బిడ్డ పుట్టిన నిమిషాన్ని మాత్రం నర్సును అడిగి రాసుకోండి. అక్షరం తెలిశాక మీ జాబితాలో కుదిరే పేరుంటే అదే తీసుకోండి. లేకపోతే ఆ అక్షరంతో జన్మనామం పెట్టి, సంకల్పానికీ జాతకానికీ వాడుకోండి. వ్యవహారనామం వేరేగా ఉండటం మనకు కొత్త కాదు. అయ్యవారిని అడిగినా ఇదే చెప్తారు.

5. పిలిచి చూడండి

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. పేరును మనసులో చదువుకుంటే సరిపోదు, నోటితో పిలవాలి.

☐ వాకిట్లో నిలబడి, వీధి చివర ఆడుకుంటున్న పిల్లను పిలిచినట్టు గట్టిగా పిలవండి. పేరు చివర సాగుతోందా, మధ్యలో తెగిపోతోందా?
☐ ఇంట్లో అందరికన్నా పెద్దావిడతో పలికించండి. ఆమె నోట హృషీకేశ్ "రుసికేసు" అవుతుంది, భవిష్య "బవిస్య" అవుతుంది. ఆ పలుకు మీకు ముద్దుగా ఉంటే సరే. ప్రతిసారీ సరిదిద్దాలనిపిస్తే ఆ పేరు వదిలేయండి.
☐ కోపంగా ఒకసారి, గారాబంగా ఒకసారి పిలవండి.
☐ ముద్దుపేరు ఏమవుతుందో చూడండి. మీరు కుదించకపోయినా వీధిలో పిల్లలు కుదించేస్తారు.
☐ అన్నకో అక్కకో ఉన్న పేరుతో కలిపి పిలవండి. హర్ష, వర్ష ఒకే ఇంట్లో ఉంటే ఒకరిని పిలిస్తే ఇద్దరూ పలుకుతారు.
☐ పక్కింట్లో, మేనత్త ఇంట్లో, మేనమామ ఇంట్లో అదే పేరు ఉందేమో అడగండి.

అనంతపురం, ఆదోని, మంత్రాలయం వైపు వాళ్లు కన్నడం తెలిసిన వాళ్లతో కూడా ఒకసారి పలికించండి. మన పిల్లల్లో చాలామంది చదువుకో ఉద్యోగానికో బెంగళూరు వెళ్తారు. అక్కడ ఆ పేరు ఎలా వినబడుతుందో ముందే తెలిస్తే మంచిది.

కనీసం పది రోజులు ఆ పేరుతో కడుపులో బిడ్డను పిలుస్తూ ఉండండి. నిజంగా నచ్చిన పేరైతే అప్పటికి అలవాటై ఉంటుంది.

6. రాసి చూడండి

పిలుపులో నెగ్గిన పేర్లను తెలుగులో, ఇంగ్లీషులో పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాయండి. అసలు ఇబ్బందులు ఇక్కడే బయటపడతాయి.

*పొడవు.* "వెంకట సాయి లక్ష్మీ నరసింహ చరణ్ కుమార్ రెడ్డి" అని పెడితే అందరు దేవుళ్లూ అందరు పెద్దలూ వచ్చేస్తారు, కానీ పరీక్ష ఫారంలో గడులు చాలవు. ఒక్కో కార్డులో ఒక్కో చోట తెగి, చివరికి నాలుగు పేర్లవుతాయి. ఇంటిపేరు కాకుండా రెండు మాటలు చాలు.

*మొదటి మాట.* బయటి రాష్ట్రాల్లో, కంపెనీల్లో మొదటి మాటతోనే పిలుస్తారు. వెంకట సాయి చరణ్ అక్కడ "వెంకట" అయిపోతాడు. పిలుపు పేరు చరణ్ అనుకుంటే చరణ్‌ను ముందు పెట్టండి.

*ఇంగ్లీషు స్పెల్లింగ్.* "త" రాయడానికి మన దగ్గర టి పక్కన హెచ్ పెడతారు, ఉత్తరాదిలో పెట్టరు. "శ్రీ"ని మూడు రకాలుగా రాస్తారు. "లక్ష్మి"కీ అంతే. ఏది రాసినా తప్పు కాదు, ఒకటే ఎంచుకుని దానికే కట్టుబడటం ముఖ్యం. హర్షిత్, రక్షిత్ లాంటి పేర్లకు చివర హెచ్ తప్పకుండా చేర్చండి. లేకపోతే ఆఖరి నాలుగు అక్షరాలు ఇంగ్లీషులో చెడ్డ మాటగా చదువుతారు, బడిలో పిల్లాడు ఏడుస్తాడు.

*ఇంటిపేరు.* తండ్రి ఆధార్‌లో ఇంటిపేరు ఏ స్పెల్లింగ్‌తో ఉందో అదే బిడ్డకూ రాయండి. షేక్ అన్న మాటే ఒక ఇంట్లో నాలుగు రకాలుగా ఉండటం కర్నూలు, కడపల్లో మామూలు. బాషా, వలి కూడా అంతే. బిడ్డ పుట్టకముందే తల్లిదండ్రుల కార్డులు సరిచూసుకుని, తేడాలుంటే దిద్దించుకోవడం ఈ మొత్తం పనిలో అందరూ మరిచిపోయే మెట్టు. ఇంటిపేరును ఒక్క అక్షరంతో సరిపెట్టకుండా పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టు ఫారంలో ఇంటిపేరుకు వేరే గడి ఉంటుంది.

న్యూమరాలజీ నమ్మేవాళ్లు ఆ అక్షరాల లెక్క ఇప్పుడే చూపించుకోండి. ధ్రువపత్రం వచ్చాక ఒక "ఏ" చేర్చమంటే పని మళ్లీ మొదటికొస్తుంది.

7. ఇద్దరికీ కుదరకపోతే

ఒకరి జాబితాలోంచి ఇంకొకరు మూడు పేర్లు కొట్టేయొచ్చు, కారణం అడగకూడదు. మిగిలిన వాటిలో ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నవి తీసుకోండి. ఏవీ లేకపోతే పిలుపు పేరు తల్లిది, రెండో మాట తండ్రిది అనుకోండి. తొమ్మిది నెలలు మోసిన మనిషికి పిలుపు పేరు మీద ముందు హక్కుందని నా అభిప్రాయం.

పెద్దల ముందు మొత్తం జాబితా పెట్టకండి. ఇద్దరికీ నచ్చిన మూడు పేర్లు మాత్రమే చెప్పి, వాటిలో ఎంచమనండి. అప్పుడు వాళ్లు ఏది ఎంచినా మీకు ఇష్టమైనదే అవుతుంది.

8. జనన నమోదు

పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు కావాలి, దానికి రుసుము లేదు. ఆసుపత్రిలో కాన్పు అయితే సమాచారం పంపాల్సింది ఆసుపత్రి వాళ్లే. అయినా పంపారో లేదో మీరు అడగండి.

నమోదు పుట్టిన చోటే జరుగుతుంది, మీరు ఉండే చోట కాదు. మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో చేస్తారు కదా. అత్తగారిల్లు నంద్యాల, పుట్టిల్లు ప్రొద్దుటూరు అయి, కాన్పు ప్రొద్దుటూరులో జరిగితే నమోదు ప్రొద్దుటూరులోనే చేయించుకోవాలి. తల్లి తిరిగి వచ్చేలోపే ఆ పని ముగించండి.

పేరు తేలలేదని నమోదు ఆపకండి. పేరు లేకుండానే జననం నమోదు చేయించి, ఆ తేదీ నుంచి 12 నెలల్లోపు పేరు చేర్పిస్తే ఆలస్య రుసుము ఉండదు. ఆ తర్వాత కూడా 15 ఏళ్ల వరకు రుసుము కట్టి చేర్పించవచ్చు, కానీ అంతదాకా ఆగొద్దు. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం, ఆధార్, పాస్‌పోర్టు, ఓటరు జాబితా, డ్రైవింగ్ లైసెన్స్ అన్నింటికీ పుట్టిన తేదీ, పుట్టిన చోటు రుజువుగా చూసేది జనన ధ్రువపత్రాన్నే.

☐ పేరు, స్పెల్లింగ్ తెలుగులో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి ఇవ్వండి. నోటితో చెప్పకండి.
☐ కంప్యూటర్లో ఎక్కించాక, ప్రింటు తీయకముందే తెర మీద చూపించమని అడగండి.
☐ తల్లి పేరు, తండ్రి పేరు ఆధార్‌తో సరిపోయాయా చూడండి. తల్లి ఇంటిపేరు పుట్టింటిదో అత్తింటిదో ముందే అనుకోండి.
☐ పుట్టిన తేదీ, లింగం, ఊరు సరిచూడండి.
☐ తప్పుంటే ఆ రోజే దిద్దించమని రాసివ్వండి.

9. తరచూ జరిగే తప్పులు, వాటికి సర్దుబాట్లు

ధ్రువపత్రంలో ఒక పేరు, అంగన్‌వాడీలో ముద్దుపేరు రాయిస్తారు. ఆ ముద్దుపేరే బడికి పాకుతుంది. ఎక్కడ చేర్చినా ధ్రువపత్రం జిరాక్సు చేతిలో పట్టుకుని వెళ్లండి. ఇప్పటికే తేడా ఉంటే పదో తరగతికి వచ్చేలోపు బడి రికార్డును సరిచేయించండి. పదో తరగతి మెమో వచ్చాక మార్చడం చాలా కష్టం.

ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే. చిన్నప్పుడే తొందరపడి వాటిని వాడేయకండి. ధ్రువపత్రం వచ్చాకే ఆధార్‌కు వెళ్లండి.

చుట్టాలు మీ జాబితాలోని పేరును ముందుగా తమ బిడ్డకు పెట్టేసుకుంటారు. బాధగా ఉంటుంది, నిజమే. అందుకే రెండో పేరు, మూడో పేరు కూడా అంతే ఇష్టంగా సిద్ధంగా ఉంచుకోమన్నది. జాబితాను వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి.

బిడ్డ పుట్టాక మొహం చూస్తే అనుకున్న పేరు నప్పలేదనిపించవచ్చు. వారం ఆగండి. అప్పటికీ అలాగే అనిపిస్తే రెండో పేరుకు మారండి. నమోదుకు ముందు మారితే ఖర్చేమీ లేదు.

10. తొమ్మిదో నెలలో కవరులో ఉండాల్సినవి

కాన్పుకు తీసుకెళ్లే సంచిలో ఒక కవరు పెట్టండి.

☐ ఆడపిల్లకు మూడు పేర్లు, మగపిల్లాడికి మూడు పేర్లు, ఇష్టం వరుసలో, రెండు భాషల్లో
☐ మొక్కు ఉంటే ఏ దేవుడు, ఏ దారి అనుకున్నారో ఒక్క వాక్యం
☐ తల్లిదండ్రుల ఆధార్ జిరాక్సులు
☐ పుట్టిన సమయం రాసుకోవడానికి ఖాళీ గీత

ఇదే కవరు ఫొటో భర్త ఫోన్లోనూ, తల్లి వైపు ఒకరి ఫోన్లోనూ ఉండాలి. వాడుకోని పేర్ల కాగితాన్ని పారేయకుండా బిడ్డ ధ్రువపత్రంతోపాటే దాచండి. రెండో కాన్పుకు మొదలుపెట్టాల్సింది ఆ కాగితం నుంచే, అది కూడా మొదటి బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని.